గొంగడి మూటలో అన్నం

ఆయన పోయాడన్న కబురు మా సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున వచ్చింది. కింద వరసగా దండాల బొమ్మలు. ఒకరిద్దరు "ఆత్మకు శాంతి కలగాలి" అని కూడా రాశారు. ఆత్మ లేదని ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషికి, హేతువాదుల గ్రూపులో, ఆ మాట! మధ్యాహ్నానికి ఆ దండాలన్నీ పైకి జరిగిపోయి కింద ఒక వీడియో వచ్చి కూర్చుంది. ప్రయాణాల్లో అన్నం వండుకోవడం ఎంత సులభమో చెప్పే వీడియో. చేతిసంచిలో పట్టే కరెంటు కుక్కర్. హోటల్ గదిలో ప్లగ్గు పెడితే చాలు, ఒక మనిషికి సరిపడా అన్నం. "ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ పెట్టక్కర్లేదు" అంటూ అందులో అమ్మాయి నవ్వుతోంది. మా కార్యదర్శి దాని కింద "టూర్లకు చాలా ఉపయోగం" అని రాశాడు.

నాకు కుక్కర్ మీద కోపం లేదు. అది మంచి వస్తువే కావచ్చు. కానీ ప్రయాణంలో అన్నం వండడమే ఒక వాదంగా బతికిన మనిషి చచ్చిపోయిన రోజున, ఆ వాదానికి చివరి జవాబులా ఆ ఒంటరి కుక్కర్ వచ్చింది. అది ఎవరూ కావాలని పెట్టింది కాదు. అదే మరీ బాధ.

ఆయనను తలుచుకుంటే ముందు ముఖం గుర్తు రాదు. సైకిల్ వెనక కట్టిన పెద్ద సిల్వర్ గంజు గుర్తొస్తుంది. అల్యూమినియం గిన్నెను మా వైపు సిల్వర్ గంజు అనే అంటారు. దాని మీద మడిచి పెట్టిన నల్ల గొంగడి. తర్వాత, చాలా తర్వాత, ఎండకు మాడిన ముంజేతులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసినప్పుడు ఆవిరికి ఆ చేతుల మీది వెంట్రుకలు మాడి, మళ్లీ సరిగా మొలవలేదు. మాట్లాడితే ఉరిమినట్టు ఉండేది. ఫ్యాక్టరీ రొదలో మాట్లాడి మాట్లాడి, ఎదుటివాడు చెవి పక్కనే ఉన్నా అరిచేవాడు. రహస్యం చెప్పడం ఆయనకు చేతకాదు.

మా సంఘం అప్పట్లో ఊళ్లు తిరిగేది. బాబాల మహిమల వెనక మోసాలు విప్పి చూపడం, చేతబడి భయం పోగొట్టడం, కులం మీద మాట్లాడడం మా పని. పోయిన ప్రతి ఊళ్లోనూ పెద్దిళ్ల నుంచి భోజనానికి పిలుపు వచ్చేది. వాళ్లకు మాలో ఎవరెవరు ఏమిటో ఎలా తెలిసేదో గాని, తెలిసేది. కొందరికి లోపల పీట, కొందరికి అరుగు మీద విస్తరి. ఆయన పుట్టింది మెథడిస్ట్ కుటుంబంలో. రెండు తరాల కిందటే వాళ్లు మతం మారారు. ఊరు మాత్రం వాళ్లను పాత కులం పేరుతోనే పిలిచేది. ఆయన దేవుణ్ణి కూడా వదిలేశాక, ఊరికి అదేమీ పట్టలేదు. అరుగు అరుగే.

అందుకని ఆయన ఒక నియమం పెట్టాడు. ఏ ఊళ్లో సభ పెట్టినా ఆ ఊళ్లో ఎవరింటా తినకూడదు. మన పొయ్యి మనం పెట్టాలి. ఊరినే భోజనానికి పిలవాలి.

"పిలిపిచ్చుకునుడు కాదు తమ్మీ, పిలుసుడు. గదీ మన పని" అనేవాడు.

ఆయన వండే తీరు చాలా సులువు. బోధన్‌లో బయలుదేరేటప్పుడే దొడ్డు బియ్యం కడిగి, నీళ్లు పోసి, మూత మీద గుడ్డ బిగించి సైకిల్‌కు కట్టేవాడు. దారిలో గతుకులకు సగం నీళ్లు ఒలికిపోయేవి. ఒలికితే ఒలికాయి, ఊరు చేరేసరికి బియ్యం మాత్రం నాని ఉండేవి. ఊరి బయట కాలువ దగ్గర దిగి, గంజులో చూపుడువేలు ముంచి, బియ్యం మీద వేలి మొదటి గణుపు దాకా నీళ్లు నింపేవాడు. గంజి వార్చే పని లేదు. మూడు రాళ్లు. గాలి వచ్చే వైపు పెద్ద రాయి. గట్ల మీద ఎండిన చెరుకాకు, దొరికితే మక్క బెండ్లు, అంటే గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకులు.

"ఆకు మన పోరగాండ్ల తీరు. భగ్గుమంటరు, జర సేపట్ల బూడిద. బెండు సూడు, లేటుగ అంటుకుంటది గని ఇడిసిపెట్టది."

అన్నం ఉడుకుపట్టి, పైన నీళ్లు ఇంకి, చిన్న చిన్న గుంటలు పడగానే మంట తీసేసేవాడు. మూత నొక్కి, గంజును గొంగట్లో పెట్టి, మూటలా చుట్టి, తాడుతో బిగించేవాడు. ఆ మూటతో సభకు. మిగతా సభల్లో దండ వేసిన ఫొటో ఉండే చోట, బల్ల మీద, ఆ మూట ఉండేది. ఆయన ఉపన్యాసం ఎంతసేపంటే లోపల అన్నం పక్వానికి వచ్చేంతసేపు. మాట నొక్కి చెప్పాల్సినప్పుడల్లా మూట మీద అరచేత్తో చరిచేవాడు, ఎద్దు వీపు మీద చరిచినట్టు.

"అన్నం ఉడికేది మంటతోని కాదు, ఏడితోని. గొంగడి ఏడి పుట్టియ్యది, ఉన్న ఏడిని పోనియ్యది, గంతే. మంట లేకుండ ఏడి ఉంటది. దేవుడు లేకుండ నీతి ఉన్నట్టే!"

నిజం చెప్పాలంటే ఆయన వంట గొప్పగా ఉండేది కాదు. వాదనలో పడితే అడుగంటేది. ఉప్పు ఒక్కోసారి మరిచేవాడు, ఒక్కోసారి రెండుసార్లు వేసేవాడు. పక్కకు పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం, చితకగొట్టిన ఉల్లిగడ్డ. మధ్యలో ఎవరైనా మూత తీసి చూడబోతే, "మూత తీస్తె నీ నోరు మూస్త" అని గుడ్లురిమేవాడు.

నేను నిజామాబాద్ కాలేజీ చర్చావేదికల్లో నోరు సాన పెట్టుకుని, ఆ గర్వంతో సంఘంలో చేరినవాణ్ణి. మొదటిసారి ఆయనతో పోయింది జక్రాన్‌పల్లి వైపు. సభ అయ్యాక మూట విప్పితే, అందరికన్నా ముందు కూర్చుని, ఊరంతా చూసేలా కలిపి కలిపి తిన్నాను. చిన్న విప్లవం చేసినట్టే అనుకున్నాను. ఆయన ఎదురుగా గొంతుకూర్చుని నన్నే చూస్తున్నాడు.

"ఆకలైతుండెనా తమ్మీ?"

"బాగా అయింది అన్నా. పొద్దున్నుంచి ఏం తినలేదు."

"అయితె నువ్వు తిన్నది లెక్కకు రాదు."

"అదేంటన్నా? అందరి ముందు తిన్నాను కదా!"

"ఆకలి తిన్నది. నువ్వు తినలే." లేచి చేతులు దులుపుకున్నాడు. "రేపు మీ ఇంట్ల కడుపు నిండ తిని రా. అప్పుడు సూద్దాం నీ సంగతి."

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. దానికి మన సంస్కర్తలు ఇంకో ముక్క కలిపి, ఆకలి కులమెరుగదు అని వేదికల మీద చెప్తారు. చప్పట్లు పడతాయి. ఆ మాట వింటే ఆయనకు ఒళ్లు మండేది. ఆకలి ఏదీ ఎరుగదు నిజమే, కరువులో ఎవడైనా ఎవడి చేతిదైనా తింటాడు, కరువు పోగానే చెంబు వేరు, గ్లాసు వేరు. అది మనిషి మారడం కాదు, కడుపు లొంగడం. ఇదీ ఆయన వాదం. కడుపు నిండినవాడు, తిరిగి పోవడానికి తన ఇల్లు తనకు ఉన్నవాడు, కావాలని వచ్చి, తెలిసి తినాలి. అప్పుడే లెక్క. నేను చదివిన ఏ పుస్తకంలోనూ కులం గురించి ఇంత పదునైన పరీక్ష చూడలేదు.

మర్నాడు సభ బాల్కొండ దగ్గర. ఆ రోజు మా ఇంట్లో ఏదో నోము. పప్పన్నం, బూరెలు మెడదాకా తిని పోయాను. ఆయన కావాలనే నా ముందు గుట్టలా పోశాడు. పచ్చిపులుసు పోశాడు. ఒక్కో ముద్ద లోపలికి పోనంటుంటే నెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన పరీక్ష పెట్టిన పంతులులా కదలకుండా చూశాడు.

"కక్కకు తమ్మీ. కక్కితె మళ్ల మొదటికొస్తది."

చివరి ముద్ద మింగాక వీపు మీద చరిచాడు, మూటను చరిచినట్టే. "ఇగో, గిది లెక్క."

అలా లెక్కకు వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఊళ్లలో సభ అయ్యేదాకా అందరూ ఉండేవాళ్లు. తలలు ఊపేవాళ్లు, నవ్వేవాళ్లు, మహిమల గుట్టు విప్పితే ఈలలు వేసేవాళ్లు. మూట విప్పగానే లేచేవాళ్లు. ఒక్కరూ కాదనరు. ఒక్కరూ మేము తినం అనరు. అందరిదీ ఒకటే మాట.

"ఇప్పుడే తినొచ్చినమన్నా."

"మంచిది! నాక్కావల్సింది తినొచ్చినోళ్లే. కూసో."

"కడుపుల జాగ లేదన్నా."

"రెండు మెతుకులకు జాగ ఉండదా? బస్తా మొయ్యమంటున్ననా?"

నవ్వులాటగానే సాగేది. నవ్వుతూనే పోయేవాళ్లు. చివరికి గంజు చుట్టూ ఊరి అవతలి వాడలవాళ్లు, ఆకలిగొన్న కూలీలు, మేము మిగిలేవాళ్లం. కూలీలకు ప్రేమగా పెట్టేవాడు, మారు అడిగి పెట్టేవాడు. కానీ గంజు కడిగేటప్పుడు ముఖం చూస్తే తెలిసేది. "మాటకు సప్పట్లు కొడ్తరు తమ్మీ, మెతుకుకు లేసిపోతరు" అని గంజుతో చెప్పినట్టు చెప్పేవాడు.

ఒక్క ఊళ్లో మాత్రం అందరూ తిన్నారు. ఆ ఊరి సంగతి చెప్పాలి.

బోధన్ దాటాక కాలువ కింద ఉంది ఆ ఊరు. పేరు రాయను, అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. సగం మంది స్థానికులు, సగం మంది కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతులు. యాసలు వేరు, పండగలు వేరు. ఎవరిని ఇంట్లోకి రానివ్వకూడదు అన్న విషయంలో మాత్రం వాళ్ల మధ్య తేడా లేదు. అంతకు కొన్నాళ్ల ముందు అక్కడికి ఒక బాబా వచ్చి, నిప్పు లేకుండా అన్నం వండి చూపాడట. ఊరు ఊగిపోయింది. అది వినగానే అన్నకు ప్రాణం లేచొచ్చింది.

"గిది నా సబ్జెక్టు తమ్మీ! ముందుగాల సూపిద్దాం. బాబా చేసింది నేను చేస్త. అందరు నోరు తెర్సినంక గుట్టు ఇప్పుదాం."

మహిమల గుట్టు విప్పేటప్పుడు మేమంతా చేసే పని అదే. బూడిద రాల్చి చూపిస్తాం, తర్వాత చెప్తాం. ముందు చూపడం, తర్వాత చెప్పడం. మామూలు రోజుల్లో ఆయన గొంగడి గుట్టు మొదటి మాటలోనే చెప్పేవాడు. ఆ రోజు చెప్పలేదు. ఊరి బయట చెరుకుతోట పక్కన మూడు రాళ్లు పెట్టి, ఉడుకుపట్టించి, మూట కట్టి, బల్ల మీద పెట్టాడు. కింద నిప్పు లేదని ముందు వరసవాళ్లతో బల్ల కింద చెయ్యి పెట్టించి చూపాడు. ఇక మాట్లాడాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. పొద్దు వాలుతోంది. తాడు విప్పి, మూత తీశాడు.

ఆవిరి లేచింది. మెతుకు మీద మెతుకు, మల్లెమొగ్గల్లా. ఆ రోజే, ఖర్మకు, అడుగంటలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరస నుంచి ఒక ముసలావిడ లేచి, రెండు చేతులూ దోసిలి పట్టి వచ్చింది. కోస్తా మనిషి. "ఎంత చల్లని చెయ్యి బాబూ నీది! కాస్త ఇలా పెట్టు" అంది. ఆయనకు దోసిలి కనిపించింది, అంతే. పెట్టాడు. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఆడవాళ్లు, రైతులు. వాళ్ల వెనక ఊరి పటేల్. ఆ చుట్టుపక్కల మా సభలకు వచ్చి ముందు కుర్చీలో కూర్చుంటూ, మా బిందెలో నీళ్లు మాత్రం ఒక్కసారీ ముట్టని పటేల్. ఆయనా చెయ్యి చాచాడు. నోట్లో వేసుకున్నాడు.

గంజు దగ్గరి నుంచి అన్న నా వైపు తిరిగాడు. గుసగుస అనుకున్నాడు గాని అందరికీ వినపడింది.

"తమ్మీ, పటేల్ తింటుండు! తినొచ్చినోడు తింటుండు!"

ఆ ముఖంలో అంత వెలుగు అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. గరిటె పక్కన పడేసి చేత్తోనే పెడుతున్నాడు. అప్పుడు మొదట వచ్చిన ముసలావిడ, తిన్నది తినగా మిగిలిన గుప్పెడు మెతుకులు కళ్లకద్దుకుని, కొంగున ముడి వేసుకోవడం ఆయన కంట పడింది.

"అదెందుకు తల్లీ?"

"మనవరాలికి జ్వరం బాబూ. రెండు మెతుకులు నాలిక మీద వేస్తా. నీ మహిమ చూశాంగా."

గంజులో ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పుడు చుట్టూ చూశాడు. చాలామంది చెప్పులు విడిచి నిలబడ్డారు. చాలామంది కళ్లు మూసుకుని నములుతున్నారు.

అప్పటి మా కార్యదర్శి, ఇప్పటికీ ఆయనే, నిజామాబాద్‌లో లెక్చరర్, పక్కకు వచ్చి చెవిలో అన్నాడు. "చెప్పకన్నా. తింటున్నరు గదా. జిందగీల మొదటిసారి తింటున్నరు. ఇయ్యాలటికి ఇడిసెయ్."

ఆయన ఆలోచించాడు. ఆలోచించలేదని నేను అబద్ధం రాయను. ఆయనకు కావలసింది అక్కడ జరుగుతోంది. కడుపు నిండినవాళ్లు ఆయన చేతి అన్నం తింటున్నారు. నోరు విప్పకపోతే చాలు, రేపు ఇంకో ఊరు తింటుంది. నోరు విప్పకపోతే చాలు, ఆయన బాబా.

గంజులో చెయ్యి బయటికి తీసి, మామూలు గొంతుతో, అంటే అరుపుతో, మొదలుపెట్టాడు. "మహిమ లేదు, గిహిమ లేదు. ఊరి బయట నిప్పు మీద ఉడకబెట్టిన. గొంగడి ఏడి పోనియ్యలే. మీరు గిట్లనే వండుకోవచ్చు. బాబా చేసింది గిదే." కొందరు నవ్వారు. కొందరు ఇంకా నములుతున్నారు. అక్కడ ఆపితే సరిపోయేది. గుట్టు విప్పినట్టే కదా. ఆయన ఆపలేదు. "గిది దేవుని అన్నం కాదు. నేను వండిన అన్నం. చెరుకు కోతల కాడ మా అవ్వ గిట్లనే వండేది." తన తాత ముత్తాతలను ఊరు పిలిచిన కులం పేరు చెప్పాడు. "తెలిసి తినుండ్రి. ఇంకా ఉన్నది. రాండ్రి!"

ఒక్కరూ ముందుకు రాలేదు. నమలడం ఆగిపోయిన చప్పుడు ఒకటి ఉంటుంది. అది నేను విన్నాను. పటేల్ తన చేతిలోని ముద్దను చూసుకున్నాడు. మింగినదాన్ని ఏం చేయాలో తెలియని ముఖం.

"ముందుగాల చెప్పేదుండె గదనయ్యా" అన్నాడు, నెమ్మదిగానే. ముద్దను బల్ల అంచున పెట్టి పోయాడు.

ముసలావిడ కోప్పడలేదు. దగ్గరికి వచ్చి, కొంగు ముడి విప్పి, ఆ మెతుకులను గొంగడి మీద జాగ్రత్తగా పోసింది. "ఏమీ అనుకోకు బాబూ. దేవుడిదనుకున్నాను" అంది.

అదీ సంగతి. దేవుడిదైతే ఎవరు వండినా తింటారు. మనిషిదైతే ఏ మనిషిదో చూస్తారు. దేవుణ్ణి తీసేస్తే మనిషి మిగులుతాడని మేము ఊరూరా చెప్పుకొచ్చాం. ఆ సాయంత్రం దేవుణ్ణి తీసేస్తే మిగిలింది కులం. నా జీవితమంతా నమ్మిన వాదంలో ఆ చీలిక అక్కడ కనిపించింది. దాన్ని ఇప్పటికీ పూడ్చలేకపోయాను.

గొంగడి ఉన్నిలో చిక్కుకున్న ఆ మెతుకులను ఆయన ఒక్కొక్కటి ఏరి నోట్లో వేసుకున్నాడు. తిరుగు దారిలో సైకిల్ నా పక్కకు తెచ్చాడు.

"నేను చెప్పకపోయి ఉంటె, తమ్మీ?"

"నిన్ను మొక్కేవాళ్లన్నా."

"తినేటోళ్లు గదా?"

"తినేవాళ్లు."

సైకిల్ దిగాడు. బోధన్ దాకా దాన్ని పట్టుకుని నడిచాడు. తొక్కమంటే వినలేదు.

ఆ తర్వాత కార్యదర్శి ఒక తీర్మానం పెట్టాడు. ఇకనుంచి సభలకు పట్నం నుంచి భోజనం ప్యాకెట్లు తీసుకుపోదామని. శుభ్రం, సమయం ఆదా, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ 'ఇబ్బంది' ఎవరిదో ఎవరూ అడగలేదు. హేతుబద్ధమైన తీర్మానమే. ఆయన లేచి, "ప్యాకెట్ల ఎవని మూత వానికే. ఇంకేంది పంచుకునుడు? గంత దూరం పోయి ఎవని ఇల్లు వాడే ఎత్తుకపోయినట్టు" అన్నాడు. చేతులెత్తమన్నారు. గంజు వైపు లేచినవి మా రెండు చేతులే. అప్పటినుంచి ఊళ్లలో మేము పంచిన ప్యాకెట్లు జనం మాతో పాటు తిన్నారు, హాయిగా, పక్కపక్కనే. కార్యదర్శి దాన్ని సహపంక్తి భోజనం అని నివేదికల్లో రాసేవాడు.

ఆయన రావడం మానేశాడు.

చివరిసారి చూసింది నిరుటి వానాకాలం, బోధన్‌లో ఆయన ఇంట్లో. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలం. ఆ వైపు చెరుకు తగ్గి వరి నిండిపోయింది. ఆయన కూడా సగం అయ్యాడు. నేను పోయేసరికి ముందు గదిలో ఒక చిన్న గిన్నెకు గొంగడి చుట్టి దాని పక్కన కూర్చున్నాడు. పెద్ద గంజు అటక మీద ఉంది. విప్పి చూపాడు. పైన మెత్తగా ఉంది, లోపల పలుకు.

"ఒక్కని బియ్యానికి గొంగడి పనిచెయ్యదు తమ్మీ. ఏడి నిలవదు. పది మంది బియ్యమైతె ఒకదాన్నొకటి ఏడిగ ఉంచుతయి. గిదేమో గింత." రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపాడు. "మళ్ల పొయ్యి మీద పెట్టాలె. బేకార్."

వదిన వంటింట్లోంచి వచ్చింది. ఆమె ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చికి పోతుంది.

"సూడు మరిది. ఇంట్ల గ్యాసున్నది, నేనున్న. నేను వండింది తినడట. తినే ముందు నేను ప్రార్థన చేస్తనట. ప్రార్థన చేసింది ప్రసాదమేనట."

"ప్రసాదమే మరి" అన్నాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"ఊర్లన్ని ఈన అన్నం తినాలె. ఈన మాత్రం పెండ్లాం అన్నం తినడు. గిదేం న్యాయం?"

ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. మాటకు మాట తడుముకోకుండా అనేవాడు. ఆ రోజు మాత్రం విప్పిన గొంగడిని మళ్లీ గిన్నెకు చుట్టాడు. చివరికి, "ఆకలైతలేదు" అన్నాడు.

"ఆకలి లేనప్పుడు తింటెనే లెక్క అంటివి గదా? తిను మరి."

పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, తన ప్రార్థన తాను చేసుకుంది. ఆయన అది అయ్యేదాకా ఆగాడు. తర్వాత, నా వైపు చూడకుండా, కలుపుకుని తిన్నాడు. నాకు తెలిసినంతలో ఆయన లెక్కకు సరిగ్గా వచ్చే భోజనాల్లో అది ఒకటి. మిగతావి వేళ్ల మీద ఉంటాయి.

ఆయన్ను చర్చి శ్మశానంలో, పాస్టర్ ప్రార్థనతో సమాధి చేశారు. వెనక వరసలో నిలబడ్డాను. మా వాళ్లలో కొందరు అభ్యంతరం చెప్పాలన్నారు. ఎవరికి చెప్పాలి? ఉన్నన్నాళ్లు పక్కనే ఉండి వండిపెట్టిన ఆవిడకా?

సంస్మరణ సభ ఎక్కడ పెడదామని గ్రూపులో చర్చ వచ్చినప్పుడు నేను ఆ కాలువ కింది ఊరి పేరు చెప్పాను. ఆ చెరుకుతోట పక్కన, ఊరి బయటే, ఆయన గంజులోనే వండుదామన్నాను. అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. వదిన అటక మీది గంజు దింపించి ఇచ్చింది, గొంగడి ఇచ్చింది. "నేను రాను మరిది. ఆ ఊరికి పోయొచ్చిన నాడు ఆయన అన్నం ముట్టలే" అంది.

పొద్దున్నే పోయి రాళ్లు వెతికాను. చెరుకు అక్కడక్కడే ఉంది. ఉన్న ఒక మడిలో కోత నడుస్తోంది. బియ్యం దారిలోనే నానాయి. వేలి గణుపు దాకా నీళ్లు. ఆకు వేశాను, బెండ్లు వేశాను. గుంటలు పడగానే దింపి, గొంగడి చుట్టి, తాడు బిగించాను. మా వాళ్లు కార్లలో వచ్చారు. ఊరివాళ్లు కొందరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. పటేల్ లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. నేను మాట్లాడాను, అన్నం అయ్యేంతసేపు. అంతా చెప్పాను, ముందే చెప్పాను. గొంగడి గుట్టు చెప్పాను. ఇది ఎవరి గంజో, ఆ మనిషిని ఈ ఊరు ఏ పేరుతో పిలిచేదో చెప్పాను. కడుపు నిండినవాళ్ల కోసమే ఈ అన్నం అని చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి.

మూట విప్పాను. ఆవిరి లేచింది.

"తినే వచ్చినం సార్" అన్నాడు పటేల్ కొడుకు, లేస్తూ, నవ్వుతూ. ఆ నవ్వులో చెడ్డతనమేమీ లేదు. మిగతావాళ్లు కుర్చీలు సర్దిపెట్టి మరీ పోయారు. మా వాళ్ల వైపు తిరిగాను. కార్ల డిక్కీలు తెరిచి ఉన్నాయి. నిజామాబాద్ నుంచి తెచ్చిన బిర్యానీ ప్యాకెట్లు చేతులు మారుతున్నాయి. ఒకరికి షుగర్, దొడ్డన్నం పడదు. ఒకరు ప్యాకెట్ విప్పేశారు, ఇక వృథా అవుతుంది. కార్యదర్శి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మాట్లాడింది బాగుండె" అన్నాడు.

అప్పుడు తోటలోంచి కోత మనుషులు వచ్చారు. మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలు, ఆడా మగా, ముఖాల నిండా ఆకు గీతలు. ఒకామె గంజు వైపు చూపించి, "భావూ, భాత్ ఆహే కా?" అని అడిగింది. అన్నం ఉందా అని. ఉందన్నాను. గుండ్రంగా కూర్చున్నారు. ఒకరినొకరు ఆట పట్టించుకుంటూ, ఉల్లిగడ్డ కొరుకుతూ తిన్నారు. గంజు ఖాళీ అయ్యేదాకా మారు అడిగి పెట్టాను. కార్యదర్శి ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. ఆకలి కులమెరుగదు అని రాశాడు.

అడుగున మిగిలింది నేను పెట్టుకున్నాను. పలుకు లేదు, మాడు లేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఇంత కుదరలేదు. రెండో ముద్ద దగ్గర, ఉరిమినట్టు, ఆయన ప్రశ్న వినిపించింది. ఆకలైతుండెనా తమ్మీ?

పొద్దున్నే రాళ్లు, నిప్పు, నీళ్ల ధ్యాసలో పడి, ఇంట్లో ఏమీ తినకుండా వచ్చాను.

అయిందన్నా. నాకూ బాగా ఆకలయింది.